పెరుగు బ్యాక్టీరియా చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం. ఎమ్మెస్సీ చేసి పాల బ్యాక్టీరియాలోని ఎంజైముల జన్యువుల మీద పరిశోధన చేస్తానంటోంది. ఆరు నెలల బయోఇన్ఫర్మాటిక్స్ కోర్సు చేయిస్తే సాఫ్ట్‌వేర్ స్థాయి జీతం వస్తుందని బంధువులు అంటున్నారు. ఏది మేలు? – ఒక తండ్రి

జవాబు: ఏది మేలని అడిగారు గానీ, పెరుగు గురించి చదివిన పిల్లకు బతుకుతెరువు దొరుకుతుందా అన్నదే మీ భయం. దొరుకుతుందండీ. డెయిరీలకు, తోడు కల్చర్లు తయారుచేసే సంస్థలకు, ఆహార పరీక్షల ల్యాబులకు మైక్రోబయాలజీ తెలిసినవారు కావాలి. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ కంటే తక్కువే ఉండవచ్చు. పరిశోధనలో పైకి రావాలంటే పీహెచ్‌డీ కూడా అవసరమవుతుంది.

ఆ ఆరు నెలల కోర్సు మీద మాత్రం నాకు గట్టి సందేహాలున్నాయి. జన్యుక్రమంలో ఏ జన్యువు ఎక్కడుందో కంప్యూటర్లో వెతకడం నేర్పుతారు. అంతటితో సరిపోదు. పెరుగులోనూ మొజరెల్లా చీజ్‌లోనూ వాడే స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ అనే బ్యాక్టీరియానే తీసుకోండి. అది పాలలోని చక్కెర అయిన లాక్టోజ్‌ను బీటా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైముతో గ్లూకోజ్, గెలాక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలుగా విడగొడుతుంది. గ్లూకోజ్‌ను వాడుకుని గెలాక్టోజ్‌ను బయటికి వదిలేస్తుంది. గెలాక్టోజ్‌ను వాడుకునే జన్యువులు దానికి ఉన్నాయి, కానీ చాలా రకాల్లో అవి సరిగా పనిచేయవు. పిజ్జా మీద చీజ్ మరీ గోధుమరంగుకు తిరగడానికి ఇలా మిగిలిపోయిన గెలాక్టోజ్ ఒక కారణం. తెర మీద జన్యువు కనిపించింది కదా అని 'ఇది గెలాక్టోజ్ తింటుంది' అని రాసిస్తే డెయిరీవాళ్లు నష్టపోతారు. గెలాక్టోజ్ తప్ప వేరే చక్కెర లేని మాధ్యమంలో, అంటే బ్యాక్టీరియాను పెంచే పోషక మిశ్రమంలో, దాన్ని పెంచి చూసినవాళ్లే సరైన మాట చెప్పగలరు. ఆ పని ల్యాబులోనే అబ్బుతుంది. కంప్యూటర్ పని ఎమ్మెస్సీ చేస్తూ కూడా నేర్చుకోవచ్చు.

ఒక మాట కటువుగానే అంటాను. మీ ఉత్తరంలో బంధువుల లెక్క ఉంది, అమ్మాయికి ఈ ఇష్టం ఎందుకు కలిగిందో ఒక్క ముక్క లేదు. అడిగారా? చదవాల్సింది తను. ఇరవై ఏళ్ల పిల్ల ఇంత స్పష్టంగా ఒక విషయం కోరుకోవడం అరుదు. దాన్ని పెళ్లిళ్లలో వినిపించే జీతాలతో తూచకండి.

మీ ఊళ్లోనే ఆడుగోడిలో జాతీయ పాడి పరిశోధన సంస్థ దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆ సంస్థ 1923లో పుట్టింది బెంగళూరులోనే, తర్వాత హర్యానాలోని కర్నాల్‌కు మారింది. హెబ్బాళలో డెయిరీ సైన్స్ కళాశాల కూడా ఉంది. ముందుగా అనుమతి అడిగి అమ్మాయితో కలిసి వెళ్లండి. అక్కడి పరిశోధక విద్యార్థులతో తననే మాట్లాడనివ్వండి. ఏ కోర్సుకు తన డిగ్రీ సరిపోతుందో ప్రవేశ ప్రకటనలో చూసుకోండి. అప్పటిదాకా ఆ ఆరు నెలల కోర్సుకు అడ్వాన్సు కట్టకండి.