ఊళ్లో కాలు నిలవని అమ్మాయి కర్నూలులో ఎందుకు కదలడం లేదు?

ప్రశ్న: మాది ఎమ్మిగనూరు దగ్గర పల్లె. పిల్లల చదువు కోసం రెండేళ్ల క్రితం కర్నూలుకు వచ్చి అపార్ట్‌మెంటులో ఉంటున్నాం. మా అమ్మాయికి 14 ఏళ్లు. ఊళ్లో ఉన్నప్పుడు కాలు నిలిచేది కాదు. ఇప్పుడు గడప దాటదు, బరువు పెరిగింది. ఇది బద్ధకమా, జబ్బా డాక్టరు గారూ?
– ఒక తల్లి, కర్నూలు

సలహా: అమ్మా, బద్ధకమని తేల్చే ముందు మీ అమ్మాయి రోజు ఎలా గడుస్తోందో గమనించండి. పల్లెలో బడికి, కొట్టుకు, స్నేహితుల ఇళ్లకు నడవడంలోనే ఆమెకు కావలసిన వ్యాయామం ఆ పేరు లేకుండానే జరిగిపోయేది. ఇక్కడ స్కూలు బస్సు గేటు ముందుకే వస్తుంది, ట్యూషన్‌కు నాన్న బండి మీద దింపుతారు, కింద పార్కింగ్‌లో ఆడబోతే వాచ్‌మన్ కసురుతాడు. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఊరిలో పగలు బయట ఆడమనలేం, చీకటి పడ్డాక ఆడపిల్లను పంపడానికి మనకే మనసొప్పదు.

5 నుంచి 17 ఏళ్ల వారు రోజుకు సగటున 60 నిమిషాలు, కాస్త ఆయాసం వచ్చేలా శరీరానికి పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఆ సంస్థ 2016 నాటి అంచనాల ప్రకారం, 11–17 ఏళ్ల అబ్బాయిల్లో 78 శాతం, అమ్మాయిల్లో 85 శాతం మంది ఆ మాత్రం కూడా కదలడం లేదు.

ఆ గంట ఒకేసారి కుదరనక్కర్లేదు. ట్యూషన్ కిలోమీటరు లోపు ఉంటే, అదే దారిలో వెళ్లే స్నేహితురాలితో కలిపి నడిచి పంపండి. లిఫ్టు మాన్పించి మెట్లెక్కించండి. సాయంత్రం ఎండ తగ్గాక మేడ మీద తాడాట ఆడితే ఎముకలకు కూడా బలం. సెలవు రోజుల్లో పొద్దున్నే ఔట్‌డోర్ స్టేడియానికి మీరూ తోడు వెళ్లండి, ఈ వయసు పిల్లలు ఒంటరిగా నడవమంటే రెండు రోజుల్లోనే మానేస్తారు. "లావయ్యావు" అన్న మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి. ఆ మాట విన్న పిల్లలు ఆటకు రావడానికి బదులు తిండి మానేయడం తరచుగా చూస్తుంటాను.

ఇక జబ్బు సంగతి. మెడ వెనుక చర్మం నల్లబడి మందంగా మారిందేమో చూడండి. చాలామంది దాన్ని మురికి అనుకుని పీచుతో రుద్దుతుంటారు, కానీ అది ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు కావచ్చు. అది కనిపించినా, నెలసరి మూడు నెలలకు పైగా రాకపోయినా, ఎత్తు పెరగకుండా బరువు మాత్రమే పెరుగుతున్నా పిల్లల వైద్యులకు చూపించి, వారు చెప్పిన మేరకు షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి.