సెల్లార్ కారుతోందని అత్యవసర నిధిని ఊడ్చేయకండి

ప్రశ్న: మా సెల్లార్‌లో రెండేళ్లుగా వానలు పడినప్పుడల్లా ఒక గోడ అడుగున నీరు ఊరుతోంది. ఒక కాంట్రాక్టరు చూసి, నాలుగు గోడల వెంటా నేల పగలగొట్టి డ్రెయిన్ పైపు వేయాలి, గుంత తీసి పంపు పెట్టాలి అన్నారు. ఆయన చెప్పిన మొత్తం మా ఐదు నెలల ఇంటి ఖర్చుకు సమానం. వారంలో సంతకం చేస్తే 15 శాతం తగ్గిస్తారట, సగం అడ్వాన్సు ఇవ్వాలట. మా దగ్గర మూడు నెలల ఖర్చుకు సరిపడా అత్యవసర నిధి ఉంది. అదంతా తీసేసి, తక్కువ పడింది పర్సనల్ లోన్, క్రెడిట్ కార్డులతో సర్దుదామనుకుంటున్నాం. ఇంట్లో ఒక్కరిదే జీతం. ఇది సరైన నిర్ణయమేనా?

సమాధానం: కాదు, సంతకం పెట్టకండి. నీరు ఎటునుంచి వస్తోందో తేలకముందే డబ్బు ఎటునుంచి తేవాలా అని వెతుకుతున్నారు. ఇల్లు కారడం మొదలవగానే చాలామంది చేసే పొరపాటు ఇదే.

ముందు నిధి సంగతి. తవ్వకం పని కొటేషన్‌లో రాసిన అంకె దగ్గర ఆగడం అరుదు. నేల పగలగొట్టాక కింద పాత పైపు చిట్లి కనిపించవచ్చు, పునాది పక్కన గుల్ల బయటపడవచ్చు. కొటేషన్ మీద మరో 15-20 శాతం చేతిలో లేకుండా ఇలాంటి పని మొదలుపెట్టకూడదు. మీరు మొదటి రోజే నిధిని ఖాళీ చేస్తే, సెల్లార్‌లో కందకం తెరిచి ఉండగా కాంట్రాక్టరు అదనంగా అడిగిన రోజున బేరమాడే బలం మీకు ఉండదు, అడిగినంతా కార్డు గీకి ఇవ్వాల్సిందే. అదే నెలలో ఆ ఒక్క జీతం ఆగినా, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో చేరినా మళ్లీ అప్పే. ఈఎంఐ మొదలయ్యాక నిధిని తిరిగి నింపడానికి నెలనెలా మిగిలేదేమీ ఉండదు. అందుకే ఈ నిధిలో ఒక నెల ఖర్చును మించి ముట్టుకోకండి. మిగతా రెండు నెలలదీ ఎవరెంత తొందరపెట్టినా కదలకూడదు.

కార్డు మీద నెలకు 3 శాతం వడ్డీ పడితే చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. 15 శాతం తగ్గింపు కోసం ఇంత వడ్డీ నెత్తికెత్తుకోవడం ఏ లెక్కనా కుదరదు. కాంట్రాక్టరే ‘వడ్డీ లేని వాయిదాలు’ అంటే, మొత్తం ఒకేసారి చెల్లిస్తే ఎంతకు చేస్తారో అడగండి. ఆ రెండు అంకెల మధ్య తేడాయే వడ్డీ. తప్పనిసరై అప్పు చేయాల్సి వస్తే, ఉన్న డిపాజిట్ మీద తీసుకునేది పర్సనల్ లోన్ కంటే చౌక. అంతకు మించి అప్పు ఊసే వద్దు.

ఇక గోడ దగ్గరికి వద్దాం. కాస్త వాన తెరిపి ఇచ్చాక గోడను తుడిచి ఆరబెట్టి, ఒకటిన్నర అడుగుల చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించి రెండు రోజులు వదిలేయండి. షీటు పైన, అంటే గదివైపు, తడి చేరితే అది గాలిలోని తేమ, గాలి ఆడే ఏర్పాటు చేస్తే చాలు. షీటు వెనక తడి ఉంటే గోడలోంచి వస్తోంది. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి రెండు గంటల పాటు నీటి మీటరు చూడండి. అంకె కదిలితే పైపు లీకుంది, దానికి ప్లంబరు చాలు.

ఆ తర్వాత వాన పడుతున్నప్పుడు ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. మీకు వానల్లోనే, ఒక్క గోడ దగ్గరే కారుతోందంటే ముందుగా అనుమానించాల్సింది పైకప్పు నీటినే. దాన్ని దించే గొట్టం సరిగ్గా ఆ గోడ మొదట్లోనే కక్కుతోందేమో చూడండి. దాన్ని కనీసం 6 అడుగుల దూరానికి పొడిగించాలి. గోడ నుంచి 10 అడుగుల దూరానికి నేల కనీసం 6 అంగుళాలు దిగేలా మట్టి వాలు ఉండాలి. ఈ రెండింటికీ అయ్యేది మీకు చెప్పిన మొత్తంలో చిన్న ముక్క, ఆ ఒక నెల డబ్బులోనే తేలిపోతుంది. ఇవి చేయించి, రెండు మూడు గట్టి వానలు చూశాకే తవ్వకం గురించి ఆలోచించండి.

లోపలివైపు వాటర్‌ప్రూఫ్ రంగు పూస్తామనే వాళ్లను పంపించేయండి. మట్టిలో ఒక మీటరు ఎత్తు నీరు నిలిస్తే గోడ అడుగున చదరపు మీటరుకు సుమారు 1 టన్ను ఒత్తిడి పడుతుంది. రంగు పొర దానికి ఆగదు, బొబ్బలెక్కి ఊడుతుంది. వేలితో రాస్తే తెల్లటి పొడి అంటుకునే చోట నీరు గోడలోంచి లవణాలు మోసుకొస్తోందని అర్థం. ఒకే పగులు నుంచి కారుతుంటే ఇంజెక్షన్ పని, అంటే పగుల్లోకి మందు ఎక్కించి మూసేయడం, సరిపోవచ్చు. తడి పగులుకు నీటితో కలిసి నురుగులా ఉబ్బే పాలీయురెథేన్ వాడతారు. ఎపాక్సీ జిగురు పగులును బలంగా అతుకుతుంది కానీ ఆ పగులు పొడిగా ఉండాలి. మందు గోడ మందం అంతా నిండకుండా పైపైన పూస్తే మరుసటి వానకే మళ్లీ కారుతుంది.

రెండు సందర్భాల్లో మాత్రం ఆగొద్దు. గోడ లోపలికి ఉబ్బినా, అడ్డంగా పొడవైన పగులు పడినా స్ట్రక్చరల్ ఇంజనీరును వెంటనే పిలవండి. తడి స్విచ్‌బోర్డు దాకా వస్తే ఆ లైను ఆపించండి.

అప్పటికీ పెద్ద పని తప్పదనుకుంటే, రిపేరు పని అమ్ముకోని ఇంజనీరుకు ఫీజిచ్చి చేయాల్సిన పనుల జాబితా రాయించుకోండి. అదే కాగితం మీద ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోండి. ముగ్గురూ మూడు వేర్వేరు పనులకు ధర చెబితే పోల్చి లాభం లేదు. కొటేషన్‌లో పైపు ఎన్ని అడుగులు, చుట్టూ కంకర, వడపోత గుడ్డ ఉన్నాయా, పంపు సామర్థ్యమెంత, నీరు వెనక్కి రాకుండా వాల్వు ఉందా, కరెంటు పోతే నడిపే బ్యాటరీ ఉందా, బయటికి తోడిన నీరు ఎక్కడ పడుతుంది అన్నవన్నీ రాసి ఉండాలి. బ్యాటరీ మానేసి ధర తగ్గించే వాళ్లున్నారు. గట్టి వానకే కరెంటు పోతుంది, పంపు కావాల్సిందీ అప్పుడే. గ్యారంటీ ఎవరిదో, సరుకు కంపెనీదా కాంట్రాక్టరుదా, కూలీలకు ప్రమాద బీమా ఉందా, అవీ కాగితం మీదే చూడండి.

సగం అడ్వాన్సుకు ఒప్పుకోకండి. సంతకానికి 10 శాతం, సరుకు ఇంటికి దిగాక 30, పని పూర్తయ్యాక 40 ఇవ్వండి. చివరి 20 శాతాన్ని ఒక గట్టి వాన దాటాక, లేదంటే బయట గోడ పక్కన గంటసేపు గొట్టంతో నీరు పెట్టి లోపల తడి లేదని చూశాక ఇవ్వాలని ఒప్పందంలో రాయించండి. అదనపు పని ఏదైనా ముందు ధర రాసి, ఇద్దరూ సంతకం చేశాకే మొదలవ్వాలి.

ఇంటి బీమా ఉంటే పాలసీ తీసి మినహాయింపులు చదవండి. మెల్లగా ఊరే నీటికి చాలా పాలసీలు చెల్లించవు, ఉన్నట్టుండి పైపు పగిలితే చెల్లించేవి ఉంటాయి. మీటరు పరీక్షలో పైపు లీకని తేలితే ఏదీ పగలగొట్టకముందే ఫొటోలు తీసి కంపెనీకి తెలపండి.

మీ నెల పొదుపులో కొంత ‘ఇంటి మరమ్మతు’ పేరుతో వేరే ఖాతాలో వేయడం ఈ నెలే మొదలుపెట్టండి. నేల తవ్వాల్సిందేనని తేలితే ఆ ఖాతాలో కొటేషన్‌తో పాటు అదనపు 20 శాతం కూడా చేరాకే కాంట్రాక్టరును పిలవండి. ఇప్పుడున్న ఆయనకు ఈ వారం గడువు కుదరదని ఫోన్ చేసి చెప్పేయండి. అదే ధరకు తర్వాత చేయనంటే ఇంకో ఇద్దరిని చూడండి.