టెండన్ తెగి అతికిన వేలు.. గిటార్ మళ్లీ ఎప్పుడు పట్టుకోవచ్చు?

ప్రశ్న: నా వయసు 27. గిటార్ వాయించడమే వృత్తి. గాజు గ్లాసు పగిలి ఎడమచేతి ఉంగరపు వేలు లోపలివైపు లోతుగా తెగింది. టెండన్‌కు (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం), పక్కనున్న నరానికి ఆపరేషన్ చేశారు. ఏడు వారాలైంది. స్ప్లింట్ తీసేశారు. వేలి కొస సగమే వంగుతోంది, మొద్దుబారి ఉంది. ఐదు వారాల్లో ప్రోగ్రామ్ ఉందని టెన్షన్‌గా ఉంది. వాయించవచ్చా? రబ్బరు బంతి పిసికితే త్వరగా బలం వస్తుందంటున్నారు, నిజమేనా?

జవాబు: ముందు బంతి సంగతి. ఇప్పుడే వద్దు. వేలిని వంచే టెండన్‌ను కుట్టాక అది పూర్తి బరువు తట్టుకోవడానికి సుమారు 12 వారాలు పడుతుంది. ఏడో వారానికి పైన గాయం మానినా లోపల అతుకు ఇంకా గట్టిపడుతూనే ఉంటుంది. గట్టిగా పిసికితే మళ్లీ తెగిపోవచ్చు. పైగా మీకిప్పుడు బలం కన్నా ముఖ్యం టెండన్ సాఫీగా జారడం.

కుడిచేత్తో ఆ వేలిని మెల్లగా వంచి చూడండి. అలా పూర్తిగా వంగుతూ, సొంతంగా వంచితే మాత్రం సగంలో ఆగిపోతుంటే టెండన్ చుట్టుపక్కల అంటుకుని ఉండొచ్చు. చేత్తో వంచినా వంగకపోతే కీలు బిగుసుకుందని అనుమానించాలి. రెండింటికీ వ్యాయామాలు వేరు కాబట్టి హ్యాండ్ థెరపిస్ట్‌కు చూపించి నేర్చుకోండి. మొదటిదైతే సాధారణంగా వేలి నడిమి కీలును కదలకుండా పట్టుకుని కొసను మాత్రమే వంచమంటారు. గిటార్ తీగ నొక్కేటప్పుడు పనిచేయాల్సింది సరిగ్గా ఆ కొస కీలే.

ఇక మొద్దుబారడం. కుట్టిన నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. కోత నుంచి కొసకు ఐదు సెంటీమీటర్లున్నా, పెరగడం మొదలయ్యేలోపు జరిగే ఆలస్యం కూడా కలిపితే రెండు నెలలు దాటుతుంది. మధ్యలో చీమలు పాకినట్టు, కరెంట్ కొట్టినట్టు అనిపిస్తే కంగారు పడొద్దు, అది చాలావరకు మంచి సూచనే. స్పర్శ వచ్చేదాకా వేడి వస్తువుల దగ్గర జాగ్రత్త. వాయించాక వేలి కొసను కళ్లతో చూసుకోండి. ఇన్ని వారాల్లో అక్కడి కాయలు మెత్తబడి ఉంటాయి, తీగ కోసినా మీకు తెలియదు.

ప్రోగ్రామ్ నాటికి మీకు 12వ వారం. వేలికి పూర్తి బరువు అలవాటు చేయడం మొదలయ్యే సమయం అది, స్టేజీ ఎక్కే సమయం కాదు. వాయిదా వేయగలిగితే వేయండి. కుదరకపోతే ఉంగరపు వేలి పని లేకుండా ఒకటి రెండు పాటలు అమర్చుకోండి. జాజ్ గిటారిస్ట్ జాంగో రైన్‌హార్ట్ 1928లో అగ్నిప్రమాదంలో ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు దెబ్బతిన్నాక ఎక్కువగా మిగతా రెండు వేళ్లతోనే సోలోలు వాయించాడు. ఆయన వేళ్లు ఇక కోలుకునేవి కావు. మీది కోలుకుంటున్న వేలు, దాన్ని పణంగా పెట్టకండి.

సర్జన్ సరేనన్నాకే వాయించడం మొదలుపెట్టండి. నైలాన్ తీగలు మేలు. స్టీల్ తీగలే ఉంటే శ్రుతి కాస్త తగ్గించుకోండి. ఒక్కో స్వరం చొప్పున ఐదు నిమిషాలు, రోజుకు రెండుసార్లు చాలు. ఒకే వేలిని అడ్డంగా పెట్టి చాలా తీగలు నొక్కే బార్ కార్డ్స్, తీగను లాగే బెండ్స్ అన్నిటికన్నా చివర. మర్నాడు పొద్దున వేలు వాచినా, ముందురోజు కన్నా బిగుసుకున్నా సమయం తగ్గించాలి.

ఎప్పుడైనా వేలిలో టక్కుమన్నట్టు అనిపించి, కొస వంగడం ఉన్నట్టుండి ఆగిపోతే నొప్పి లేకపోయినా అదే రోజు సర్జన్ దగ్గరికి వెళ్లండి. చేయి మంటగా ఉండి, రంగు మారి, వాపు పెరుగుతున్నా ఆలస్యం చేయొద్దు.