పాయింట్లు ఎక్కువ కొట్టినా ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఆటగాడికి సీజన్ చివర గ్రేడు ఎందుకు తగ్గిస్తారు?

అనంతపురం నుంచి అడిగారు కాబట్టి మన లెక్కలోనే చెప్తా. ఇన్ని మూటల శనక్కాయలొచ్చాయంటే మనవాళ్లు ముందు ‘ఎన్నెకరాలకి?’ అంటారు. ఆటగాళ్లకు గ్రేడు వేసే క్రీడా విలేకరులూ అంతే: 20 పాయింట్లు సరే, ఎన్ని షాట్లు వాడి?

దీనికి ‘ట్రూ షూటింగ్’ అనే కొలత ఉంది. ఫ్రీ త్రోల (ఫౌల్ జరిగినప్పుడు ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్ల) సంఖ్యను 0.44తో హెచ్చించి మామూలు షాట్లకు కలపండి. దాన్ని రెట్టింపు చేసి, పాయింట్లను దాంతో భాగించండి. 15 షాట్లు, 5 ఫ్రీ త్రోలతో 20 పాయింట్లు వస్తే 58 శాతం. అవే పాయింట్లకు, అన్నే ఫ్రీ త్రోలతో, 20 షాట్లు పడితే 45 శాతమే. ఎన్‌బీఏలో అది బాగా తక్కువ.

డిఫెన్స్ మాత్రం ఈ లెక్కకు చిక్కదు. రూడీ గోబేర్ 2023-24లో సగటున 14 పాయింట్లే కొట్టాడు. అయినా ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి అవార్డు నాలుగోసారి అందుకున్నాడు. మనకు ఉదయం టిఫిన్ వేళ వచ్చే మ్యాచుల్లో చూడండి, అతనుంటే ప్రత్యర్థులు రింగు దగ్గరికి రావడానికే జంకుతారు.

సీజన్‌లోని 82 మ్యాచుల్లో ఎన్ని ఆడాడన్నదీ చూస్తారు. పెద్ద అవార్డులకైతే 2023-24 నుంచి కనీసం 65 ఆడాలనే నిబంధనే ఉంది.

జీతాన్ని బట్టి గ్రేడు కోసేవాళ్లూ ఉన్నారు. నాకైతే అది అన్యాయమనిపిస్తుంది. కాంట్రాక్టు ఇచ్చింది యాజమాన్యం కదా!