ఇంటిపేరు కలిసినంత మాత్రాన

చిరంజీవి తమ్ముడికి,

నీ వర్జీనియా కుటుంబ చరిత్ర మొదటి అధ్యాయం చదివాను. కథనం బాగా నడిచింది, చుట్టరికాలే నిలబడలేదు.

1700 ప్రాంతపు కాగితాల్లో ‘సీనియర్’, ‘జూనియర్’ కనిపించగానే తండ్రీకొడుకుల్ని చేసేశావు. ఒకే చోట ఒకే పేరున్న ఇద్దరిలో పెద్దవాణ్ణీ చిన్నవాణ్ణీ అలా రాసేవారు, బంధుత్వం ఉండనక్కర్లేదు. పెద్దాయన పోతే జూనియర్ కాస్తా సీనియర్ అయిపోతాడు.

ఆడవాళ్ల విషయంలో మరీ జాగ్రత్త. జార్జి వాషింగ్టన్ అమ్మమ్మనే చూడు. జోసెఫ్ బాల్‌ని చేసుకునేనాటికే ఆమె మేరీ జాన్సన్ అనే వితంతువు. కాబట్టి జాన్సన్ అన్నది పుట్టింటిపేరని రాయడానికి లేదు. బాల్ పోయాక మళ్లీ పెళ్లాడి హ్యూజ్ అయింది. పుట్టిల్లు ఏదో ఇప్పటికీ వాదనే.

అందుకని పేరును వదిలి భూమిని పట్టుకో. ఒకతను 200 ఎకరాలు అమ్మాడు, కొన్న దస్తావేజు ఎక్కడా లేదనుకో. ప్రభుత్వ పట్టాల్లో చూడు. అక్కడా లేకపోతే బహుశా వారసత్వమో, భార్య తరఫు ఆస్తో అయ్యుండాలి. చెక్కుబందీలోని వాగు పేరు, ఇరుగుపొరుగు పేర్లు పట్టుకుని ఆ నేల అంతకుముందు ఎవరిదో తవ్వు. వర్జీనియాలో 1785 చట్టం అమల్లోకి వచ్చేదాకా, వీలునామా లేకుండా తండ్రి పోతే భూమంతా పెద్దకొడుక్కే, దస్తావేజు అక్కర్లేకుండానే దక్కేది. వీలునామా ఉన్నా, ముందే వాటా ముట్టిన పెద్దకొడుకు పేరు అందులో లేకపోవచ్చు. నువ్వేమో పేరు లేదని అతణ్ణి కొడుకుల్లోంచే కొట్టేశావు!

కాగితానికొక వరస చొప్పున పట్టిక వేయి: తేదీ, వాగు, భార్య పేరు, సాక్షులు, సంతకమా నిశానీయా. 1712లో నిశానీ పెట్టినవాడు 1715లో గొలుసుకట్టుగా సంతకం చేస్తే బహుశా వేరే మనిషి. అదే మరణశయ్య మీది వీలునామా అయితే చదువుకున్నవాడూ చేయి వణికి నిశానీ పెట్టొచ్చు, దాన్ని లెక్కలోకి తీసుకోకు.

తేదీల్ని మాత్రం ‘సరిదిద్దకు’. 1752కి ముందు అక్కడ ఏడాది మార్చి 25న మొదలయ్యేది. 1710 ఏప్రిల్‌లో రాసిన వీలునామా 1710 ఫిబ్రవరిలో కోర్టుకొచ్చిందంటే గుమాస్తా తప్పు కాదు.

వై-డీఎన్ఏ పరీక్ష మగవరసలో ఉమ్మడి మూలపురుషుడున్నాడో లేడో చెప్తుంది. అన్నదమ్ముల్లో ఎవరి సంతానమో తేల్చడం దానికి చాలాసార్లు సాధ్యం కాదు.

రాసేటప్పుడు ‘బహుశా’ను అధస్సూచికలోకి తోసేయకు. ఏ వాక్యంలో అనుమానం ఉందో ఆ వాక్యంలోనే, దాన్ని బలపరిచే కాగితం పక్కనే ఉండనీ. రెండో అధ్యాయం కన్నా ముందు ఆ పట్టిక పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య