పులి తల, తాత తుపాకి, పందుల కంచె

ప్రశ్న: చంద్రగిరిలో మా పాత మిద్దెలో గోడకు పులి తల ఉంది. తాతది. ఆయన ఈమధ్యే పోయారు. ఇంట్లో ఉంచుకోవచ్చా? దులిపితే వెంట్రుకలు రాలుతున్నాయి.

జవాబు: ముందు తాతగారి బీరువా వెతకండి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఇలాంటివి ఉన్నవాళ్లు అటవీశాఖకు తెలియజేసి యాజమాన్య ధ్రువపత్రం తీసుకోవాల్సి వచ్చింది. అప్పుడు తప్పినవాళ్లకు 2003లో 180 రోజుల గడువిచ్చారు, అదీ ముగిసిపోయింది. ఆయన పేరిట పత్రం ఉంటే, వారసులు 90 రోజుల్లో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు తెలపాలి. దాన్ని అమ్మకూడదు. వద్దనుకుంటే ఏడు పనిదినాల ముందు నోటీసిచ్చి ప్రభుత్వానికి అప్పగించవచ్చు, పరిహారం రాదు. పత్రమే లేకుంటే లాయరుతో మాట్లాడి, రాతపూర్వకంగా అటవీశాఖకు అప్పగించండి. గుట్టుగా పాత సామాన్లవాడికి ఇచ్చారో, కొంప మునిగినట్టే. పులి ఆ చట్టంలో అత్యధిక రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్ జంతువు. శిక్ష మూడు నుంచి ఏడేళ్లు, జరిమానా 25,000కు తగ్గదు.

ఇక దుమ్ము సంగతి. దక్షిణాదిన ఇలాంటి తలలు చాలా మైసూరులో జంతు తోళ్లకు రూపం కట్టే వాన్ ఇంగెన్ సంస్థ దగ్గర తయారైనవే. ఎవరు చేసినా ఆ కాలంలో తోలుకు పురుగు పట్టకుండా ఆర్సెనిక్ పూయడం మామూలు. అది విషం, ఏళ్లు గడిచినా పోదు. చేతికి గ్లౌజులు, ముఖానికి మాస్కు వేసుకుని, మెత్తటి బ్రష్‌తో వెంట్రుకల వాలు వెంటే దులపండి. తడిగుడ్డ పెట్టొద్దు, తోలు ఉబ్బి చెవుల దగ్గర పగులుతుంది. పిల్లలు పడుకునే గదిలో అసలే వద్దు.

ప్రశ్న: తాత 12 బోర్ తుపాకి కూడా ఉంది. అందులో 12 అంటే ఏమిటి?

జవాబు: ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు 12 తూస్తే ఒక పౌను. గొట్టం వెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు. ఆ లెక్క తర్వాత చూసుకుందురు గాని, లైసెన్సుదారు పోయాక తుపాకి ఇంట్లో ఉండకూడదు. జాప్యం లేకుండా దగ్గరి పోలీస్ స్టేషన్లోగాని, లైసెన్సున్న ఆయుధాల డీలరు వద్దగాని జమచేసి రసీదు తీసుకోండి.

ప్రశ్న: పలమనేరు దగ్గర మా చెనక్కాయ చేనిని అడవి పందులు తవ్వేస్తున్నాయి. కాల్చవచ్చా? కంచెకు కరెంటు ఇస్తే?

జవాబు: పంట కాపాడుకోవడానికని ఇచ్చిన తుపాకి లైసెన్సున్నా పందిని కాల్చే హక్కు రాదు. అది రెండో షెడ్యూల్‌లో ఉంది. వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద అధికారి అనుమతి విడిగా కావాలి. ఇంటి కరెంటును నేరుగా తీగకు కలపడం మాత్రం హత్యాయత్నంలాంటిదే. కౌండిన్య అభయారణ్యం ఏనుగులే కాదు, రాత్రి నీళ్లు కట్టడానికి వచ్చిన పక్క రైతూ పోతాడు.

సోలార్ కంచె వేరు. 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచే ఎనర్జైజర్ సెకనుకో దెబ్బ చొప్పున వేల వోల్టులు వదులుతుంది, కానీ సెకనులో వెయ్యో వంతుల్లోనే ఆగిపోతుంది కాబట్టి ప్రాణం పోదు. పందికి మొదటి తీగ నేలకు జానెడు ఎత్తున, రెండోది మూరెడు ఎత్తున ఉండాలి. ఎత్తు పెంచితే కింద దూరుతుంది. పనిచేయలేదని చెప్పేవాళ్లలో ఎక్కువమంది ఎర్తింగ్ దగ్గరే పొదుపు చేసుంటారు. జింకు పూత కడ్డీలు మూడు, ఒక్కోటి ఆరడుగులది, పదడుగుల ఎడంతో దిగ్గొట్టండి. వేసవిలో మన ఎర్రనేల ఎండితే కరెంటు తిరిగిరాదు, పంది తాకినా దెబ్బ తగలదు; కడ్డీల దగ్గర నీళ్లు పోయండి. గడ్డి తీగకు తగిలినా బలం కారిపోతుంది. వారానికోసారి మీటరు పెట్టి చూడండి. 4,000 వోల్టులకు తగ్గితే పంది లెక్కచేయదు.

ప్రశ్న: విదేశాల్లో లక్షలు కట్టి వేటాడితే జంతువులు పెరుగుతాయంటారు. నిజమా? శేషాచలంలో ఎందుకు పెట్టరు?

జవాబు: డబ్బు ఎవరి చేతికి పోతుందన్నదే అసలు విషయం. పాకిస్తాన్ ఉత్తర కొండల్లో మార్ఖోర్ మేక వేటకు కట్టే రుసుములో 80 శాతం ఆ లోయ ఊళ్లకే చేరుతుంది. అందుకే ఊరివాళ్లే దొంగవేటగాళ్లను పట్టిస్తారు. నమీబియా 1996 నుంచి ఊళ్లకు వన్యప్రాణులపై హక్కులిచ్చింది. ఏ జంతువును కాలుస్తున్నారో చూసుకోకపోతే మాత్రం చెడుతుంది. సింహాల్లో వయసు చూడకుండా మందను కాచే మగదాన్ని కాలిస్తే, కొత్తగా వచ్చే మగది కూనలను చంపేస్తుంది. ఒక తూటాకు అన్ని ప్రాణాలు. ఆరేళ్లు దాటినవాటినే కాల్చాలన్న నియమం అందుకే పుట్టింది. అలాగని నిషేధమొక్కటే చాలదు: కెన్యా 1977లో వేట మాన్పించినా అక్కడ జంతువులు బాగా తగ్గాయి, మేతభూములు పోవడంలాంటి కారణాల వల్ల.

శేషాచలంలోనా? మనదేశంలో వేట లైసెన్సులను 1991 సవరణ పూర్తిగా రద్దుచేసింది. దరఖాస్తు పెట్టే దారే లేదు. మార్ఖోర్ లోయల్లో మనుషులు తక్కువ. ఇక్కడ అలిపిరి మెట్ల మీద రోజూ వేలమంది నడుస్తుంటారు. చట్టం ఒప్పుకున్నా అక్కడ తుపాకి పేల్చనివ్వరాదనే మా మాట.