ఏం కనిపెట్టావో చెప్పు, వింటాం

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో పీహెచ్‌డీ పూర్తిచేసిన స్నేహితుల గురించి రాసినవే ఎక్కువ. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి, పరిశోధక విద్యార్థులకు గైడ్‌గా పనిచేసిన దాన్ని కాబట్టి ఈ ఉత్తరాలు చదువుతుంటే నాకు ఎంతో సంతోషం కలిగింది. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, మా స్నేహితురాలికి ఈమధ్యే పీహెచ్‌డీ వైవా (చివరి మౌఖిక పరీక్ష) అయిపోయింది. మొక్కల వేళ్లలో ఉండే శిలీంధ్రాల మీద ఏదో చేసిందని తెలుసు, అంతకుమించి మాకు అర్థం కాదు. డిగ్రీ నుంచి కలిసి ఉన్న నలుగురం పెద్ద ఫంక్షన్ చేద్దామని హాలు కూడా చూశాం. తనేమో వద్దంటోంది. “అందులో ఏముందే! ఆ పుస్తకం మా గైడూ పరీక్షకులూ తప్ప ఎవరూ చదవరు” అంటోంది. మనిషి కూడా నీరసంగా ఉంది. మొహమాటానికి అంటోందా, నిజంగానే వద్దా? ఏం చేస్తే తనకి సంతోషం?
– ఒక స్నేహితురాలు

జవాబు: హాలు సంగతి కాసేపు పక్కన పెట్టమ్మా. నీ స్నేహితురాలు ఇన్నేళ్లూ ఏం చేసిందో మీ నలుగురిలో ఎవరికీ తెలియదు. ముందు తీరాల్సిన లోటు అదే. నాకు తెలిసినంతలో కొంచెం చెబుతాను.

మట్టిలో భాస్వరం ఉన్నా అది ఉన్నచోటు నుంచి పెద్దగా కదలదు. వేరు చుట్టూ ఉన్నది అయిపోతే, పక్కనే బోలెడంత ఉన్నా మొక్కకు కరువే. కొన్ని శిలీంధ్రాలు వేళ్లలో చేరి, తమ సన్నటి పోగులను వేరు అందుకోలేనంత దూరం పంపి, అక్కడి భాస్వరాన్ని తెచ్చి మొక్కకిస్తాయి. మొక్క తాను తయారుచేసుకున్న చక్కెరలో కొంత వాటికిస్తుంది. దీన్ని మైకోరైజా అంటాం. నేల మీది మొక్కల్లో ఎక్కువ జాతులకు ఈ పొత్తు ఉంది. స్కాట్లండ్‌లోని రైనీ దగ్గర దొరికిన సుమారు 40 కోట్ల ఏళ్ల నాటి మొక్కల శిలాజాల్లో కూడా ఇలాంటి శిలీంధ్రాలు కనిపించాయి. నీ స్నేహితురాలు పనిచేసింది ఇంత పాత బంధం మీద!

ఆ పని ఎలా ఉంటుందో కూడా విను. వేళ్లను మట్టి పోయేదాకా కడగాలి. పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేడిచేసి వాటి సహజమైన రంగు పోగొట్టాలి. ట్రిపాన్ బ్లూ లాంటి రంగు పట్టించి, చిన్న ముక్కలుగా కోసి, ఒక్కొక్కటీ మైక్రోస్కోప్ కింద పెట్టి ఎన్నింటిలో శిలీంధ్రం ఉందో లెక్కపెట్టాలి. మెడ పట్టేస్తుంది, కళ్లు మండుతాయి. కుండీల్లో పెంచిన మొక్కలకు మధ్యలో తెగులొస్తే ఆ ప్రయోగం మళ్లీ విత్తనం దగ్గర్నుంచి మొదలు. మీరు ఫోన్ చేసినప్పుడు “ల్యాబ్‌లో ఉన్నానే, తర్వాత చేస్తా” అని పెట్టేసిన రోజుల్లో తను బహుశా ఇలాంటి పనిలోనే ఉండి ఉంటుంది.

ఇక ఆ నీరసం. వైవా అయిన కొత్తలో ఇలా డీలాపడిన వాళ్లను నేను చాలామందిని చూశాను. పరిశోధన జరిగినన్నాళ్లూ తప్పులు వెతికేవాళ్ల మధ్యే బతకాలి. గైడ్ ప్రతి అధ్యాయం దిద్దుతారు, జర్నల్ సమీక్షకులు వ్యాసం తిప్పి పంపుతారు, పరీక్షకులు నిలబెట్టి ప్రశ్నలడుగుతారు. అన్నీ దాటాక కూడా చాలాసార్లు ‘ఈ సవరణలు చేసి తీసుకురండి’ అంటారు. అన్నేళ్లు అలా గడిపిన మనిషికి “నువ్వు చాలా గొప్పదానివే” అంటే నమ్మబుద్ధి కాదు. ఆ పనేమిటో తెలియనివాళ్లు అంటే అసలే కాదు. కాబట్టి తను మొహమాటపడుతోందని నేననుకోను. ఏం చేసిందో తెలియని జనం మధ్య శాలువా కప్పించుకోవడం తనకి నిజంగానే ఇష్టం లేకపోవచ్చు. (ఈ నీరసం వారాల తరబడి తగ్గకపోయినా, నిద్రా తిండీ దెబ్బతిన్నా మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.)

ఇలాంటి వేడుకల్లో నాకు బాగా నచ్చినది ఒకటి చెబుతాను. 1903 జూన్‌లో పారిస్‌లో మేరీ క్యూరీ డాక్టరేట్ పరీక్ష నెగ్గింది. ఆ సాయంత్రం పాల్ లాంజెవాన్ అనే శాస్త్రవేత్త, క్యూరీ దంపతుల స్నేహితుడు, విందు ఇచ్చాడు. ఆ రోజు పారిస్‌లో ఉన్న భౌతికశాస్త్రవేత్త రూథర్‌ఫర్డ్ కూడా వచ్చాడు. రాత్రి 11 గంటల వేళ అందరూ తోటలోకి వెళ్లారు. మేరీ భర్త పియర్ ఒక గాజు గొట్టం బయటికి తీశాడు. దానికి కొంతమేర జింక్ సల్ఫైడ్ పూత, లోపల రేడియం ద్రావణం. ఆ చీకట్లో అది ధగధగా వెలిగింది. ఆ వెలుగులోనే పియర్ చేతులు కమిలిపోయి ఉండటం రూథర్‌ఫర్డ్ కంటపడింది. మేరీ ఏళ్ల తరబడి దేని కోసం కష్టపడిందో, ఆ కష్టం వాళ్ల ఒంటిమీద ఏం మిగిల్చిందో స్నేహితులు ఆ రాత్రి కళ్లారా చూశారు.

నా దగ్గర పనిచేసిన ఒకమ్మాయి ఆకుల మీది పత్రరంధ్రాల గురించి థీసిస్ రాసింది. వైవా అయ్యాక ఆమె హాస్టల్ స్నేహితులు నా దగ్గరికొచ్చి, “మేడమ్, ఇది ఏళ్లుగా చూస్తున్నదేమిటో మాకూ చూపిస్తారా?” అనడిగారు. ల్యాబ్ తెరిపించాను. ఆ అమ్మాయే స్లైడ్ పెట్టింది. ఒక్కొక్కరూ వంగి చూశారు. వాళ్లలో ఇద్దరు కామర్స్ చదువుతున్నారు. “ఇవి తెరుచుకుంటాయా? ఎప్పుడు? రాత్రి మూసుకుంటాయా?” అని ఒకటే ప్రశ్నలు. ఆ పూట ఆమె మాట్లాడినట్టు వైవాలో కూడా మాట్లాడలేదు. ఎంత చక్కగా చెప్పిందో!

మీరూ అలాంటిది చేయండి. “ఫంక్షన్ వద్దులే, మాకు నీ థీసిస్ చెప్పు” అనండి. ఒక గంట తీరిగ్గా కూర్చోండి, ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి. ఏ మొక్క ఎంచుకున్నావు, అదే ఎందుకు? శిలీంధ్రం మొదటిసారి నీలంగా కనబడిన రోజు ఏమనిపించింది? ఏ ప్రయోగం పాడైంది? నీకంటే ముందు ఎవరికీ తెలియనిది ఇందులో ఏది? ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. ఎంత చిన్న థీసిస్‌కైనా దానికి జవాబుంటుంది. ఆ జవాబు తన నోటితో తను చెప్పాలి, మీరు వినాలి. అర్థం కాకపోతే మళ్లీ అడగండి, సిగ్గుపడొద్దు. అర్థమైనట్టు తలలూపితే తనకి తెలిసిపోతుంది.

ఆ తర్వాత తనకి ఉత్సాహం వస్తే నలుగుర్నీ పిలిచి భోజనం పెట్టండి, నేను కాదనను. ఎవర్ని పిలవాలన్నది థీసిస్‌లోనే ఉంటుంది. మొదట్లో కృతజ్ఞతల పేజీ చూడండి. ల్యాబ్ అటెండరు, లైబ్రరీలో పాత సంచికలు వెతికిచ్చినాయన, రూమ్మేటు, కంప్యూటర్ పాడైతే బాగుచేసిపెట్టిన తమ్ముడు... తన పనికి ఎవరు తోడు నిలిచారో తనే రాసి పెట్టుకుంది. వాళ్లలో వీలైనంతమందిని పిలిస్తే ఆ రోజు తను నిండుగా ఉంటుంది. ఐన్‌స్టీన్ 1905లో జ్యూరిక్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన థీసిస్‌ను మార్సెల్ గ్రాస్‌మన్ అనే స్నేహితుడికి అంకితమిచ్చాడు. చదువుకునే రోజుల్లో నోట్సు ఇచ్చి పరీక్షలు గట్టెక్కించినవాడు, ఉద్యోగం దొరకనప్పుడు తన తండ్రి ద్వారా బెర్న్ పేటెంట్ ఆఫీసులో చేరడానికి సాయపడినవాడు ఆ గ్రాస్‌మనే. అన్నట్టు, ఆ థీసిస్‌లో ఒక లెక్క తప్పిందని తర్వాత తేలి, ఐన్‌స్టీన్ 1911లో సవరణ ప్రచురించాడు. నీ స్నేహితురాలు తన పుస్తకంలో లోపాలు ఏకరువు పెడితే ఈ సంగతి చెప్పు.

ఇంకొక్క మాట. ఆ రోజు “తర్వాతేంటి? ఉద్యోగం ఎప్పుడు?” అని ఎవరూ అడక్కుండా మీరే ముందుగా అందరికీ చెప్పి ఉంచండి. ఆ టెన్షన్ తనకి ఎలాగూ ఉంది.

ప్రశ్న: నమస్తే మేడమ్. నేనూ నా ఫ్రెండూ ఒకేసారి పీహెచ్‌డీలో చేరాం. ఇంటి పరిస్థితుల వల్ల నేను మధ్యలో మానేసి ఉద్యోగంలో చేరాను. తనకి ఇప్పుడు డాక్టరేట్ వచ్చింది. మనస్ఫూర్తిగా సంతోషంగా ఉంది, కానీ లోపల ఎక్కడో గుచ్చుకుంటోంది. నా ముందు ఆ ఊసెత్తడానికి తను కూడా ఇబ్బంది పడుతోంది. గెట్ టుగెదర్‌కి వెళ్లనా, ఏదో వంక చెప్పి మానెయ్యనా?
– పేరు వద్దు

జవాబు: వెళ్లు తల్లీ. గుచ్చుకోవడం తప్పేమీ కాదు. నువ్వు కోరుకున్న చదువు కాబట్టే గుచ్చుకుంటోంది. సంతోషం, బాధ రెండూ ఒకేసారి ఉండొచ్చు. బాధ ఉన్నంత మాత్రాన నీ సంతోషం దొంగది కాదు.

ఒక్కటి మాత్రం చెయ్యి. పదిమందిలో కలవకముందే విడిగా తనని కలువు. “నాకు కొంచెం బాధగా ఉంది, నీ విషయంలో చాలా గర్వంగా కూడా ఉంది. రెండూ నీకు తెలియాలని చెబుతున్నా” అని చెప్పేసెయ్యి. మీ ఇద్దరి మధ్య ఉన్న ఇబ్బంది సగం అక్కడే తీరుతుంది. నువ్వు నొచ్చుకుంటావని తన ఆనందాన్ని దాచుకోవడం తనకి ఎంత బరువో ఆలోచించు.

ఇంకో సంగతి నీకు తట్టి ఉండదు. ఆ గెట్ టుగెదర్‌లో తన పనిని లోపలినుంచి ఎరిగిన స్నేహితురాలివి బహుశా నువ్వొక్కదానివే. సినాప్సిస్ (పరిశోధన సారాంశం) ఎన్నిసార్లు తిరిగొచ్చిందో, మొదటి సెమినార్‌లో ఎలా వణికిపోయారో మిగతావాళ్లకేం తెలుసు? తన గురించి రెండు మాటలు చెప్పమంటే నువ్వే చెప్పు. నీలా ఇంకెవరూ చెప్పలేరు.

నీ పరిశోధన మళ్లీ మొదలుపెట్టాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. తన వేడుక చూసొచ్చిన ఊపులోనో, బాధలోనో దాన్ని తేల్చకు. పరిస్థితులు కుదుటపడ్డాక, తీరిగ్గా, నాకే మళ్లీ రాయి. ఎదురుచూస్తాను.

ప్రశ్న: మా ఫ్రెండ్ థీసిస్ సబ్మిట్ చేశాడు. వైవా ఇంకా కాలేదు. వాడి పుట్టినరోజుకి ‘డాక్టర్’ అని ముందు పెట్టి బ్యానర్ వేయించొచ్చా?

జవాబు: వద్దు నాయనా. సమర్పించాక పరీక్షకుల నివేదికలు రావాలి, వైవా జరగాలి, సవరణలుంటే చెయ్యాలి, ఆ తర్వాతే విశ్వవిద్యాలయం పట్టా ఖాయం చేస్తుంది. ఎక్కడి నియమాలు అక్కడివి కానీ, అధికారికంగా ప్రకటించేదాకా పేరు ముందు డాక్టర్ పెట్టకపోవడమే మంచిది. ఫొటో తీసి ఎవరో నెట్‌లో పెడితే గైడ్ ముందు తలదించుకోవాల్సింది మీవాడే.

అలాగని సబ్మిషన్‌ను వదిలేయకండి. నా లెక్కలో అది వైవా కంటే పెద్ద రోజు. చివరి వాక్యం రాసి, బైండింగ్ చేయించి, ఆఫీసులో ఇచ్చి వచ్చిన మనిషి ఎంత అలసిపోయి ఉంటాడో! బ్యానర్ డబ్బులతో వాణ్ణి రెండు రోజులు ఎక్కడికైనా తీసుకెళ్లి, నిద్రపోనివ్వండి. ఎదురుచూపులు ఎంత సాగుతాయో ఎవరూ చెప్పలేరు. క్రిస్టీన్ లాడ్ ఫ్రాంక్లిన్ అనే గణితశాస్త్రవేత్త జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో 1882 నాటికే డాక్టరేట్‌కు కావలసిందంతా పూర్తిచేస్తే, ఆడవాళ్లకు ఇవ్వబోమని ఆపేసిన ఆ పట్టా ఆమె చేతికి 1926లో అందింది. మీవాడికి అంత ఆలస్యం కాదులే.

ప్రశ్న: అమ్మా, నా మిత్రుడు ఉద్యోగ విరమణ చేశాక చరిత్రలో పీహెచ్‌డీ చేసి, 66వ ఏట పూర్తిచేశాడు. “ఈ వయసులో ఎందుకండీ” అని కొందరు ఎదురుగానే అంటున్నారు. మా వాకింగ్ మిత్రులమంతా సన్మానం చెయ్యాలనుకుంటున్నాం. నన్ను మాట్లాడమన్నారు. ఏం మాట్లాడను?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: ఆయనకు నా నమస్కారాలు చెప్పండి. ముందు మీకొక పెద్దావిడ సంగతి చెబుతాను. ఇంగెబోర్గ్ రాపోపోర్ట్ 1938లో జర్మనీలోని హాంబర్గ్‌లో డిఫ్తీరియా మీద థీసిస్ సమర్పించారు. తల్లి యూదురాలని నాజీ ప్రభుత్వం మౌఖిక పరీక్షకు రానివ్వలేదు. ఆమె దేశం విడిచి వెళ్లి, పిల్లల వైద్యురాలై, తర్వాత బెర్లిన్‌లో ప్రొఫెసర్‌గా కూడా పనిచేశారు. 2015లో అదే హాంబర్గ్ విశ్వవిద్యాలయం ఆ పరీక్ష పెట్టింది. అప్పటికి ఆమెకు 102 ఏళ్లు, చూపు మందగించింది. డిఫ్తీరియా గురించి అన్నేళ్లలో ఏమేం కొత్తగా తెలిసిందో స్నేహితులే వెతికి ఆమెకు చెప్పారు. ప్రొఫెసర్లు ఆమె ఇంటికి వచ్చి ప్రశ్నలడిగారు. ఆమె నెగ్గారు. ఆ స్నేహితులను తలుచుకుంటే నాకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

మీ ప్రసంగంలో ఆయన వయసు ఒక్కసారి కూడా రానివ్వకండి. ‘ఈ వయసులో కూడా’ అని పొగిడినా అది వయసును ఎత్తిచూపడమే. ఏ కాలం మీద పనిచేశారు, ఏ పాత కాగితాలు చదివారు, మనమంతా నిజమనుకున్నది ఏది తప్పని తేల్చారు, ఇవి ముందుగా ఆయన్నే అడిగి రాసుకోండి. మీరు ఐదు నిమిషాలకు మించి మాట్లాడొద్దు. మిగతా సమయం ఆయనకే ఇవ్వండి. ఆయన చెప్పడం ముగించాక సభలో మొదటి ప్రశ్న మీరే లేచి అడగండి, మిగతావాళ్లకూ ధైర్యం వస్తుంది. అంతా అయ్యాక వీలుంటే ఆయన చెప్పినదాన్ని నాకు రాసి పంపండి.